బొంగరానికి పట్టిన నిద్ర

మార్చి తొమ్మిదో తారీకు పొద్దున ఆ ఇంట్లో తిన్నది రెండు ఉడికించిన గుడ్లు, నాలుగు బ్రెడ్డు ముక్కలు, చెరిసగం అరటిపండు. ఆయనకు ఆ తారీకు గుర్తుండిపోయింది పచ్చసొన వల్ల. మరదలు గుడ్డులో తెల్లదంతా తిని పచ్చసొన పళ్ళెంలో వదిలేసింది. బుద్ధెరిగాక ఆవిడ పచ్చసొన వదిలింది లేదు. చిన్నప్పుడు అక్క పళ్ళెంలోది కూడా లాక్కుని తినేదట.

"అదేంటి, వదిలేశావు?" అన్నాడాయన.

"గొంతుకి అడ్డం పడుతుంది బావా. ఆ స్కాన్ గొట్టంలోకి వెళ్ళాక ఎక్కిళ్ళొచ్చాయంటే నా బతుకు బస్టాండే."

"మంచినీళ్ళు తాగు మరి."

"తాగితే ఇంకోటి వస్తుంది. లైబ్రరీలో పుస్తకాలు సర్దినంత తేలిక కాదు లెండి, ఈ ఒళ్ళు సర్దడం."

ఆయన నవ్వి ఆ పచ్చసొన తానే తినేశాడు. తిండి పారేయడం ఆయన భార్యకు గిట్టేది కాదు. ఆవిడ పోయి నాలుగేళ్ళయినా, ఆవిడకు గిట్టని పని ఆ ఇంట్లో ఇంకా ఎవరూ చేయరు.

ఆయన ఒక కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాడు. మరదలు బడిలో డ్రిల్లు టీచరు. "మీరు పిల్లల నోళ్ళు మూయించారు, నేను పిల్లల కాళ్ళు కదలకుండా నిలబెట్టాను. మనిద్దరికీ ఎంతమంది ఉసురు తగలాలో" అనేది. మెళ్ళో ఎప్పుడూ ఈల వేలాడేది. ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. మాట్లాడితే చేతులు, భుజాలు, కనుబొమలు అన్నీ కలిసి మాట్లాడేవి. అందుకే అక్క ఆమెకు బొంగరం అని పేరు పెట్టింది. ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే ఈల ఊది ఆట అయిపోయిందనేది, అంతే.

అక్కకు జబ్బు ముదిరినప్పుడు నెల్లాళ్ళు చూసి పోదామని వచ్చింది. అక్క పోయింది, బొంగరం ఉండిపోయింది. ఉండిపోక తప్పింది కాదు. ఆ ఏడే ఎడమ కాలు ఈడ్వడం మొదలైంది.

జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. కరెంటు తీగ మీద రబ్బరు తొడుగు ఉన్నట్టే నరం మీద ఒక పొర ఉంటుందనీ, ఒంటిని కాపాడవలసిన కణాలే ఈ జబ్బులో ఆ పొరను అక్కడక్కడా కొరికేస్తాయనీ, మెదడు పంపిన కబురు కాలికి చేరేలోపు సగం దారిలోనే కారిపోతుందనీ పెద్ద డాక్టరు వివరించాడు.

"కంచే చేను మేసిందన్నమాట" అంది బొంగరం.

"ఇంతకంటే బాగా నేను చెప్పలేనమ్మా" అన్నాడు డాక్టరు.

ఆ డాక్టరే ఆమెను రెండేళ్ళ కిందట ఒక పరిశోధనలో చేర్చుకున్నాడు. ఇంకా బజారులోకి రాని మందు. నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళి సెలైన్‌లా ఎక్కించుకోవాలి. ఏడాదికోసారి మెదడుకు ఎమ్మారై స్కాన్ తీస్తారు. జబ్బు వల్ల మెదడు పైపొర ఎంత పలచబడింది, మందు దాన్ని ఎంతవరకు ఆపింది అనేది ఆ బొమ్మలో కొలిచి చూస్తారు.

గొప్పతనం మందుదో, నమ్మకానిదో ఆయనకు తెలియదు. గోడలు పట్టుకుని పాకే మనిషి వాకరు పట్టుకుని నిలబడింది. చొక్కా గుండీలు తానే పెట్టుకుంది. స్నానాల గదికి ఒంటరిగా వెళ్ళి ఒంటరిగా వచ్చింది. అన్నిటికంటే పెద్ద సంగతి, రాత్రి తన గది తలుపు తానే వేసుకుంది.

ఆ తలుపు సంగతి కొంచెం చెప్పాలి. అక్క పోయిన కొత్తలో బంధువులు తలో మాటా అన్నారు. భార్య లేని బావ, పెళ్ళి కాని మరదలు, ఒకే కప్పు కింద ఏమిటని. ఒక పిన్నిగారు ఆ మాట మొహం మీదే అడిగింది.

"మా మధ్యన ఒక తలుపుంది పిన్నీ. దాని గడియ నా వైపే ఉంది" అంది బొంగరం.

మందు పట్టాక మళ్ళీ రోజూ పడుకునేముందు వాకరు రబ్బరు కాళ్ళు నేల మీద తప్పుతప్పుమంటూ వెళ్ళడం, తలుపు పడడం, గడియ టక్కుమనడం. ఆ టక్కు విన్నాక గానీ ఆయన హాల్లో దీపం ఆర్పేవాడు కాదు. ఒకరోజు ఆవిడే చెప్పింది, వేళాకోళంలాగే మొదలుపెట్టి: "చూడండి బావా, ఆ తలుపు వేసుకునే ఓపిక ఉన్నన్నాళ్ళే నేనిక్కడ. నన్ను మీరు ఎత్తి కూర్చోబెట్టి, కడిగే రోజు వచ్చిందా, మంచాన పడ్డవాళ్ళని చూసుకునే హోముకి నన్ను పంపేయాలి. మాటివ్వండి."

"చూద్దాంలే."

"చూద్దాం కాదు. మా అక్క మీదొట్టు."

ఆయన ఒట్టు వేశాడు. మందు ఉందిగా అన్న ధైర్యంతో వేశాడు.

మార్చి తొమ్మిదిన జరిగింది మూడో స్కాన్. ఆ గది ఎప్పుడూ చలిగా ఉంటుంది. తలపిన్నులు, గాజులు, ఈల అన్నీ తీసి ఆయన చేతిలో పెట్టి ఆమె లోపలికి వెళ్ళింది. తలను ఒక బోనులో బిగిస్తారు. ఎద్దు మూతికి చిక్కం కట్టినట్టుంటుందని ఆమె అనేది. చెవుల్లో దూది, చెంపలకు అటూ ఇటూ మెత్తలు, చేతిలో అవసరమైతే నొక్కడానికి రబ్బరు బంతి. టెక్నీషియన్ ముప్పై ఏళ్ళ మెతక మనిషి. ప్రతివాళ్ళకూ తన సొంత పిన్నికి చెప్పినట్టు చెప్పేవాడు. "అమ్మా, చప్పుడు ఆగేదాకా కదలకండి. మధ్య మధ్యలో నేను పలకరిస్తాను, అప్పుడు మింగండి, దగ్గండి."

బయట బెంచీ మీద కూర్చున్న ఆయనకు గోడ అవతలి చప్పుడు వినబడుతూనే ఉంది. వడ్రంగిపిట్ట ఇనప తలుపును పొడిచినట్టు కాసేపు, ఆగిపోయిన బండి హారను నొక్కుకుపోయి మోగినట్టు కాసేపు. బయటికి వచ్చినప్పుడు ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కదలొద్దన్నాడు బావా, అంతే. అప్పటిదాకా చచ్చినట్టు పడున్న కాలు గాడిదలా తన్నింది. ఆపుదామని బిగబట్టేసరికి మెడ వణికింది. బళ్ళో ఎంతమందిని ఎండలో నిలబెట్టానో, వాళ్ళంతా వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నట్టుంది."

పరిశోధనలో పేషంట్ల సంగతులు చూసే అమ్మాయి ఒకతె ఉండేది. ఆయనను లోపలికి పిలిచి తెర మీద బొమ్మ చూపించింది. చెరువులో రాయి వేస్తే చందమామ చెదిరినట్టు, పుర్రె అంచు అలలు అలలుగా విడిపోయి ఉంది.

"ఇది పనికిరాదు సార్. ఇంకొక్క అవకాశం ఉంది, మూడు వారాల్లో. అదీ చెడితే…"

"చెడితే?"

"పరిశోధన నుంచి తప్పిస్తారు సార్. మందు కూడా ఆగిపోతుంది. నాక్కూడా బాధగానే ఉంది."

ఆ అమ్మాయికి నిజంగానే బాధగా ఉందని ఆయన గమనించాడు. ఎవరి బాధనైనా అలా గమనించి పక్కన పెట్టుకోవడం ఆయన అలవాటు. లోకం ఎంత కఠినంగా ఉన్నా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు మనకోసం కుర్చీ జరుపుతారని ఆయన నమ్మకం. ఈ నమ్మకాన్ని బొంగరం "మీ కుర్చీల లెక్క" అనేది.

ఇంటికి వచ్చాక అభ్యాసం మొదలైంది. ఆలోచన ఆయనదే. భోజనాల బల్ల కింద పరుపు వేసి, రెండు పక్కలా దుప్పట్లు వేలాడదీశాడు. కూరగాయలు కడిగే ప్లాస్టిక్ బుట్టను ఆమె మొహం మీద బోర్లించాడు. చెంపలకు చుట్టిన తువ్వాళ్ళు పెట్టాడు. ఫోనులో ఎమ్మారై చప్పుళ్ళు వెతికి పట్టుకుని చెవి దగ్గర పెట్టాడు.

"చచ్చాక చేయాల్సిన పని ముందే చేయిస్తున్నారు" అంది బుట్టలోంచి.

"మాట్లాడితే దవడ కదులుతుంది."

"దవడ కదలకుండా బతకమనడం నాకు ఉరిశిక్ష బావా. ఇంతకీ ఈ బుట్టలో నిన్న ఉల్లిపాయలు కడిగారా ఏమిటి? మెదడు బొమ్మలో ఉల్లిపొరలు కనబడతాయి జాగ్రత్త."

మొదటి రెండు మూడు రోజులూ నవ్వుతోనే సరిపోయింది. ముక్కు దురద, వీపు దురద, కాలు తన్నడం, బల్ల కోడుకు మోకాలు కొట్టుకుని తిట్లు. అప్పుడు ఆయనకు ఒక సంగతి తట్టింది. కదలొద్దు అన్న మాటకే ఆ కాలు ఉలిక్కిపడుతోంది. కనుక ఆ మాట అనడం మానేశాడు. ఒక చప్పుడుకూ ఇంకో చప్పుడుకూ నడుమ, నేల మీద పక్కన కూర్చుని, చేతికందిన పుస్తకం చదివేవాడు. అది లైబ్రరీ వాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న పాత తోటపని పుస్తకం. ఏ మొక్కకు ఎంత ఎరువు, ఏ తీగకు ఎంత ఎత్తు పందిరి.

భార్య మంచం పక్కన కూర్చుని కూడా ఆయన ఇలాగే చదివేవాడు. ఆ గొంతుకు ఎరువుల సంగతైనా ఒకటే, వేదాంతమైనా ఒకటే. నూనె రాసినట్టు నున్నగా సాగిపోయే గొంతు.

వారం తిరిగేసరికి బొంగరం బల్ల కింద నిద్రపోయింది.

ఆయన మొదట నమ్మలేదు. ఆమెకు రాత్రి నిద్ర పట్టక ఏడాది దాటింది. కాళ్ళు పట్టేసి, అర్ధరాత్రి దాటాక వాకరు తప్పుతప్పుమనడం గోడ ఇవతల నుంచి ఆయన రోజూ వినేవాడు. అలాంటి మనిషి ఆ ఇనప పొడుపుల మధ్య, మొహాన బుట్టతో, పసిపిల్లలా పడుకుంది. పుస్తకం మూసి అలాగే కూర్చుండిపోయాడు. గురక కూడా వచ్చింది, పెద్దదేం కాదు, కాగే పాల గిన్నె మీద మూత అదిరినట్టు చిన్నగా. ఆ గురకకు మొహం మీది బుట్ట కొంచెం కొంచెంగా ఊగింది. అది చూసి ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కళ్ళు తడి అయ్యాయి. ఇది కూడా ఒక కుర్చీ జరపడమే అనుకున్నాడు.

ఆ తరువాత రోజూ అంతే. చప్పుడు మొదలైతే చాలు, ఆమె కళ్ళు మూతలు పడేవి. కాలు తన్నడం లేదు. మెడ బిగదీయడం లేదు. మానులా పడి ఉండేది.

"ఏం మందు పెట్టారు బావా ఆ ఫోనులో? జోలపాటలకి నిద్రపోనిదాన్ని, సమ్మెట దెబ్బలకి నిద్రపోతున్నాను."

"నిద్రపోతే మంచిదే. నిద్రపోయినవాళ్ళు కదలరు."

ఆ మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడో, ఆమె అంత తేలిగ్గా నమ్మింది.

స్కాన్ మళ్ళీ తీసే రోజున ఆమె ధైర్యంగా వెళ్ళింది. బెంచీ మీద కూర్చున్న ఆయన తోటపని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, లోపలి చప్పుళ్ళు వింటూ, ఇప్పుడు వడ్రంగిపిట్ట, ఇప్పుడు హారను, ఇప్పటికి కళ్ళు మూసుకుని ఉంటుంది అని ఊహించుకున్నాడు. తలుపు తీసుకుని టెక్నీషియన్ నవ్వుతూ వచ్చాడు.

"ఎక్కడా తన్నలేదు సార్. హాయిగా పడుకున్నారు. మధ్యలో పలకరిస్తే ఊఁ అని మళ్ళీ పడుకున్నారు. నిజానికి లేపాలి. కానీ పాపం, అంత నిద్రపోతున్న మనిషిని లేపబుద్ధి కాలేదు."

"మంచిపని చేశారు" అన్నాడాయన, అతని చెయ్యి పట్టుకుని.

"బొమ్మ కూడా చూపుకి బాగానే ఉంది సార్. వేరే ఊళ్ళో ఉన్న సెంటరు వాళ్ళు చూసి ఖాయం చేస్తారు, అంతే."

మర్నాడు పొద్దున బొంగరం తన గుడ్డు పచ్చసొన తిని, చెయ్యి చాచి ఆయన పళ్ళెంలోది కూడా తీసుకుంది. ఆయన అడ్డం చెప్పలేదు. ఆమె మెళ్ళో మళ్ళీ ఈల వచ్చింది. పక్కింటి కుక్క మొరిగితే కిటికీలోంచి ఊది దాని నోరు మూయించింది.

పదిరోజులకు పరిశోధన అమ్మాయి ఫోను చేసింది. ఫోను ఎత్తింది బొంగరమే. ఆయన వంటింట్లో టీ కాస్తున్నాడు. ఆమె వైపు మాటలే వినబడుతున్నాయి.

"చెప్పమ్మా… ఊఁ… అదేంటి, తన్నలేదుగా?… ఏమిటీ?… గురకా?" పెద్దగా నవ్వింది. "గురక పెడితే తప్పేంటమ్మా, మొగుడెవడూ లేడుగా ఫిర్యాదు చేయడానికి!… ఊఁ… ఊఁ." ఆ తరువాత నవ్వు లేదు. "సరే. నీ తప్పేం లేదులే. ఉంటాను."

ఆయన గ్లాసులతో వచ్చేసరికి ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తోంది.

"గురక పెట్టానట బావా. ఒక్కో ఊపిరికీ తల వెంట్రుకవాసి పైకీ కిందికీ ఊగిందట. మనిషి కంటికి కనబడదట. మందం కొలిచే కంప్యూటరుకి కనబడుతుందట. బొమ్మంతా పలచగా అలుక్కుపోయిందట."

ఆయనకు ప్లాస్టిక్ బుట్ట గుర్తొచ్చింది. కొంచెం కొంచెంగా ఊగిన బుట్ట. తాను చూసి నవ్వుకున్న బుట్ట.

"మరోసారి అడుగుదాం. నేను వెళ్ళి మాట్లాడతాను."

"ఏం మాట్లాడతారు? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని చెబుతారా? భయంతో మెలకువగా ఉండుంటే కాస్తో కూస్తో పనికొచ్చేదేమో. నిద్రపోయినవాళ్ళు కదలరని చెప్పిందెవరు?"

"నేనే. తప్పు నాదే."

"మీదే! మీకు ఎదుటివాళ్ళు కళ్ళు మూసుకుంటే చాలు, మంచే జరిగిందనుకుంటారు. మా అక్కనీ ఇలాగే చదివి చదివి నిద్రపుచ్చారు. ఆఖరి రోజు అది నాతో ఏదో చెప్పాలనుకుంది. నేను వచ్చేసరికి 'ఇప్పుడే పడుకుంది, లేపకు' అన్నారు. అది మళ్ళీ లేవలేదు."

టీ గ్లాసులు బల్ల మీద పెట్టి ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యి మీద ఏమీ లేకపోయినా వెలిగించి మళ్ళీ ఆర్పాడు. నాలుగేళ్ళుగా ఆమె ఆ మాట లోపల దాచుకుని, పైన వేళాకోళాలు కప్పి ఇదే ఇంట్లో తనతో మెలిగిందన్నమాట. ఆమె అన్నది అబద్ధం కాదు. ఆ రోజు ఆయన నిజంగానే లేపకు అన్నాడు, మంచి ఉద్దేశంతోనే. ఆ మంచి ఉద్దేశం ఇప్పుడు గొంతులో పచ్చసొనలా అడ్డం పడింది.

మర్నాడు పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు చెడ్డవాడు కాదు. భోజనం మానేసి ఆయనతో మాట్లాడాడు, నిజం దాచకుండా మాట్లాడాడు.

"తల కదిలితే మెదడు పైపొర ఉన్నదానికంటే పలచగా కనబడుతుందండి. జబ్బు ముదరకపోయినా ముదిరినట్టు లెక్క వస్తుంది. అలాంటి బొమ్మలు కలుపుకుంటే పనిచేసే మందు కూడా పనిచేయనట్టు తేలుతుంది. అందుకే ఆ నిబంధన."

"అర్థమైందండీ. ఒక్కటి అడుగుతాను. ఎక్కువ కదిలేదెవరు?"

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "జబ్బు ఎక్కువ ఉన్నవాళ్ళు. వణుకు ఉన్నవాళ్ళు, కాళ్ళు పట్టేసేవాళ్ళు, నిద్రలేనివాళ్ళు."

"వాళ్ళని తీసేస్తే?"

"కదలకుండా పడుకోగలిగినవాళ్ళు మిగులుతారు. వాళ్ళలో మందు బాగా పనిచేసిందని తేలుతుంది. మాకు తెలియక కాదండీ. పేపరు చివర్లో రాస్తాం కూడా, కదలిక కారణంగా కొందరిని మినహాయించాం, ఇది ఈ పరిశోధనకున్న పరిమితి అని."

"అంటే మా మరదలు ఆ ఒక్క వాక్యంలో ఉంటుందన్నమాట."

"ఆ వాక్యంలో ఇంకా చాలామంది ఉంటారు."

"మెషిను సంగతి పక్కన పెట్టండి. ఆవిడ గుండీలు పెట్టుకుంటోంది. తలుపు వేసుకుంటోంది. అది కొలవరా?"

"కొలుస్తాం. కానీ ఆ కొలత ఒక్కటే ఉంటే మందు ఇవ్వడానికి నాకు అధికారం లేదు. పాత మందు రాస్తాను. అది కొంత…" డాక్టరు లేచి వచ్చి గుమ్మందాకా సాగనంపాడు. మెట్ల దగ్గర ఆయన చెప్పులు తిరగబడి ఉంటే కాలితో సరిచేసి పెట్టాడు కూడా. అది కుర్చీ జరపడమో కాదో ఆ రోజు ఆయనకు తేల్చుకోవాలనిపించలేదు.

ఇంట్లో ఆ వారమంతా మాటల్లేవు. బల్ల కింద పరుపు తీసేశారు. ప్లాస్టిక్ బుట్ట మళ్ళీ కూరగాయల పనికి పోయింది. ఒకరోజు భోజనాల దగ్గర ఆమే నోరు విప్పింది.

"డాక్టరేమన్నాడు?"

ఆయన చెప్పాడు. ఏదీ మెత్తబరచకుండా చెప్పాడు.

"బాగుంది. పరుగు పందెంలో కుంటివాళ్ళని పక్కన నిలబెట్టి, మా బళ్ళో అందరూ బాగా పరిగెత్తారని రాసుకోవడం. నేనూ చేశానది. తనిఖీ వాళ్ళు వచ్చే రోజున నలుగురు పిల్లల్ని ఇంటికి పంపేసేదాన్ని. వరస వంకరగా కనబడుతుందని." ముద్ద కలుపుతూ కలుపుతూ ఆపేసింది. "వాళ్ళ మొహాలు గుర్తున్నాయి బావా. ఎందుకు పంపారు టీచర్ అని ఒక్కడూ అడగలేదు."

అక్క గురించి అన్న మాటను ఆమె వెనక్కి తీసుకోలేదు. ఆయన ఎదురు చూడలేదు కూడా. అన్నం పెట్టుకోబోతుంటే గిన్నె ఆయన వైపు జరిపింది, అంతే.

పాత మందు వేసుకుంటున్నా, ఎండలు పోయి వానలు పట్టేసరికి కుడి కాలు కూడా ఎడమ కాలి దారి పట్టింది. గుండీలు పోయి హుక్కులు వచ్చాయి, హుక్కులు పోయి తల మీంచి తొడుక్కునే గౌన్లు వచ్చాయి. పగలు చూసుకోవడానికి ఒక మనిషిని కుదిర్చారు. ఆవిడ సాయంత్రం వెళ్ళిపోయేది. రాత్రి వాకరు చప్పుడు మునుపటికంటే నెమ్మదిగా, మధ్యలో ఆగి ఆగి వినబడేది. హాల్లో దీపం దగ్గర ఆయన కూర్చుని ఆ చప్పుడుతోపాటు తానూ ఊపిరి బిగబట్టి అడుగు అడుగూ వేసేవాడు. చాలాసేపటికి టక్కు. అప్పుడు ఊపిరి వదిలేవాడు.

ఒక రాత్రి టక్కు వినబడలేదు. బదులుగా వాకరు పడిపోయిన చప్పుడు. ఆయన వెళ్ళేసరికి ఆమె తలుపుకు ఆనుకుని నేల మీద ఉంది. గౌను తడిసి ఉంది.

"లోపలికి రావద్దు" అంది. ఆ గొంతు డ్రిల్లు టీచరుది. ఆయన గుమ్మంలో ఆగిపోయాడు. చాలాసేపు ఆమె లోపల, ఆయన బయట. చివరికి ఆమే అంది, "రండి."

ఆయన వెళ్ళాడు. ఎత్తాడు. కడిగాడు. ఆమె మొహం అటు తిప్పుకుంది, ఆయన కళ్ళు సగం మూసుకున్నాడు.

తెల్లారి టీ తాగుతూ ఆమె అడిగింది. "ఒట్టు గుర్తుందా?"

"ఉంది."

"హోముకి ఫోను చేయండి."

"బొంగరం, ఒట్టు వేసినప్పుడు…"

"మా అక్క మీద వేశారు. దానికి ఇచ్చిన మాట ఒక్కటైనా ఉంచండి బావా."

ఆయన ఫోను చేశాడు. ఖాళీ ఉందన్నారు. సోమవారం పొద్దున బండి పంపుతామన్నారు.

ఆదివారం పగటి మనిషి ఆమె బట్టలు సంచిలో సర్దింది. గౌన్లు, తువ్వాళ్ళు, మందులు, అన్నిటికంటే పైన ఈల. ఇద్దరూ బ్రెడ్డు, గుడ్లు తిన్నారు. ఆమె పచ్చసొన తీసి ఆయన పళ్ళెంలో వేసింది. ఈసారి భయంతో కాదు, ఇవ్వాలనే.

ఆ రాత్రి మంచం మీద పడుకోబెట్టి ఆయన దుప్పటి కప్పుతుంటే అంది, "నిద్ర వచ్చేలా లేదు. ఆ దరిద్రపు చప్పుడు ఉందా ఫోనులో, తీసేశారా?"

"ఉంది."

"పెట్టండి. ఇప్పుడు ఎంత ఊగినా కొలిచేవాడు లేడుగా."

ఆయన ఫోనును దిండు పక్కన పెట్టాడు. వడ్రంగిపిట్ట ఇనప తలుపు మీద పొడవడం మొదలెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తోటపని పుస్తకం తేలేదు.

"ఏదో ఒకటి చెప్పండి బావా. నోరు మూసుకుని కూర్చుంటే శవజాగారంలా ఉంది."

"తీగకి పందిరి మరీ ఎత్తు వేయకూడదట. చెయ్యి అందేంత ఎత్తే వేయాలట."

"ఎవరి చెయ్యి?"

"అది రాయలేదు."

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో ఉండగానే కళ్ళు మూతలు పడ్డాయి. ఇంకాసేపటికి గురక మొదలైంది, కాగే పాల మీద మూత అదిరినట్టు. తల వెంట్రుకవాసి పైకి, వెంట్రుకవాసి కిందికి. ఈసారి ఆయన దాన్ని పూర్తిగా చూశాడు. నవ్వలేదు. లేపాలా వద్దా అని కూడా ఒకసారి ఆలోచించాడు. ఏదైనా చెప్పాలనుకుంటోందేమో, చెప్పకుండా నిద్రపోయిందేమో.

"బొంగరం" అని మెల్లిగా పిలిచాడు.

"ఊఁ. ఇక్కడే ఉన్నాను, పడుకోనివ్వండి" అంది కళ్ళు తెరవకుండా.

ఆయన లేచాడు. సంచి గుమ్మానికి అడ్డంగా ఉంది, తలుపు పడనివ్వడం లేదు. బయటికి తీసి హాల్లో పెడితే పొద్దున బండి వాళ్ళకు వీలుగా ఉంటుంది. వంగి, సంచి పట్టుకుని, కాసేపు అలాగే నిలబడి, దాన్ని లోపలికే జరిపి, ఆమె మంచం కిందికి తోసేశాడు. ఈల అంచుకు తగిలి చిన్నగా మోగింది.

గడియ లోపలి వైపు ఉంది. అది వేసేవాళ్ళు ఇక లేరు. ఆయన బయటికి వచ్చి, లోపల ఇనప చప్పుడు అలా మోగుతుండగానే, తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి లాగి మూశాడు.